అన్నం పెట్టిన కాలేజీలు

తాడిమర్రి,
ఆదివారం పొద్దున.

బావా,

మొన్న రాత్రి నాలుగు చినుకులు పడ్డాయి. విత్తనం వేసేంత పదును కాదు గానీ మట్టి వాసన మాత్రం ఊరంతా లేచింది. శెనక్కాయలు ఒలిపించి విత్తనం మూటలు కట్టి పెట్టాను. ఇంకో మంచి వాన పడితే గొర్రు కట్టడమే.

పోయిన వారం ఫోన్లో నీ మనవరాలి ప్రశ్న చెప్పి నవ్వావు చూడు, అది నన్ను వదల్లేదు. "తాత పదిహేనేళ్లకే కాలేజీకి పోయినాడంటే అంత మేధావా?" అని అడిగిందన్నావు. లెక్కల్లో నువ్వు మా అందరికంటే ముందున్నమాట నిజమే. కానీ పదిహేనేళ్లకు కాలేజీ మెట్లెక్కింది అందుకు కాదు గదా. పదో తరగతి పాసై, ధర్మవరం బస్సెక్కిన రోజే మనం కాలేజీ పిల్లలమైపోయాం. ఆ పిల్లకేమో కాలేజీ అంటే పన్నెండో తరగతి దాటాక వచ్చేది. అక్కడ అమెరికాలో నీకు అర్ధరాత్రి అవుతోందని ఫోన్ పెట్టేశాను గానీ చెప్పాల్సింది చాలా ఉంది. అది కాన్సాస్ స్టేట్ యూనివర్సిటీలో చేరుతోందన్నావు కాబట్టి ఇంకా చెప్పాలనిపించింది. నిదానంగా చదువు, తర్వాత దానికి నీ మాటల్లో చెప్పు.

మొదట ఆ పదిహేనేళ్ల సంగతి. మా అన్న ఎస్సెల్సీ తర్వాత ఒక ఏడాది పీయూసీ చదివి డిగ్రీలో చేరినవాడు. 1969లో మన రాష్ట్రం ఆ పీయూసీ తీసేసి రెండేళ్ల ఇంటర్మీడియట్ తెచ్చింది. దానికోసం జూనియర్ కాలేజీలు వెలిశాయి. 1971లో ఇంటర్ బోర్డు ఏర్పడింది. అదే చదువును తమిళనాడులోనూ కేంద్రీయ విద్యాలయాల్లోనూ పదకొండు, పన్నెండు తరగతులని బడిలోనే ఉంచారు. మన దగ్గర బడి గడప దాటించి కాలేజీ అన్నారు. దీనికి పాత వేరు ఒకటుంది. తెల్లవాళ్ల కాలంలో మద్రాసు యూనివర్సిటీ కింద కాలేజీలు రెండు రకాలు. బీఏ దాకా చెప్పేది మొదటి తరగతి కాలేజీ, బీఏకు ముందుండే ఎఫ్ఏ దాకా చెప్పి ఆపేది రెండో తరగతి కాలేజీ. మన జూనియర్ కాలేజీ ఆ రెండో తరగతి కాలేజీకి మనవడి వరస. మీ దేశంలోనూ జూనియర్ కాలేజీ అనే మాట ఉంది. 1901లో ఇలినాయి రాష్ట్రం జోలియెట్‌లో మొదలైంది. అయితే అది హైస్కూలు ముగించినవాళ్లకు డిగ్రీలో మొదటి రెండేళ్లు చెప్పడానికి పెట్టింది. మాట ఒకటే, కూర్చునే పిల్లల వయసు వేరు.

ఇక కాలేజీకీ యూనివర్సిటీకీ తేడా. 1636లో హార్వర్డ్ మొదలుపెట్టినవాళ్ల కళ్ల ముందున్నది ఇంగ్లండులోని కేంబ్రిడ్జి. అక్కడ ఒక యూనివర్సిటీలో చాలా కాలేజీలు. సముద్రం దాటింది మాత్రం ఒక్క కాలేజీ నమూనా. దాని చుట్టూ తర్వాతెప్పుడో యూనివర్సిటీ పెరిగింది. అందుకే మీ అమెరికావాళ్లకు డిగ్రీ చదువంతా కాలేజీయే. మనకు ఇంకో రకంగా జరిగింది. 1857లో మద్రాసు, కలకత్తా, బొంబాయి యూనివర్సిటీలను లండన్ యూనివర్సిటీని చూసి పెట్టారు. అప్పటి లండన్ యూనివర్సిటీ పాఠం చెప్పేది కాదు. పరీక్ష పెట్టి పట్టా ఇచ్చేది. పాఠం చెప్పే పని కాలేజీలది. ఆ పద్ధతే మన నెత్తిన ఇప్పటికీ ఉంది. నా బీఏ పట్టా మీద తిరుపతి శ్రీవేంకటేశ్వర యూనివర్సిటీ ముద్ర ఉంది. అనంతపురంలో చదివిన ఆ మూడేళ్లలో నేను తిరుపతికి పోయింది ఒక్కసారే, అదీ మొక్కు తీర్చుకోవడానికి.

ఇదంతా పైపై లెక్క, బావా. అసలు సంగతి ఈ రెండు మూడేళ్లుగా చదువుతుంటే నాకు తెలిసింది. రిటైరయ్యాక చదవడానికి టైము దొరికింది గదా. కాలేజీ అనే మాటకు మూలమైన లాటిన్ మాటకు సాటివాళ్లు కలిసి కట్టిన సంఘం అని అర్థం. భవనం కాదు, తరగతి గది కాదు. ఆక్స్‌ఫర్డ్‌లో తొలి కాలేజీలు అలాంటివే. ఇల్లు విడిచి వచ్చిన పేద విద్యార్థులు కలిసి ఉండి, కలిసి తినే ఇళ్లు. మెర్టన్ అనే ఆయన 1264లో తన భూముల రాబడిని విద్యార్థుల తిండికీ బసకూ రాసిచ్చి, ఎలా నడవాలో కట్టుబాట్లు రాశాడు. మెర్టన్ కాలేజీ అక్కడ మొదలైంది.

ఆ సంవత్సరం చూసి నేను ఉలిక్కిపడ్డాను. ఎందుకంటే దానికి మూడేళ్ల ముందు, 1261లో, మన కృష్ణ ఒడ్డున సరిగ్గా అదే పని జరిగింది. గుంటూరు సీమలో మల్కాపురం శాసనం గురించి వినుంటావు. కాకతి గణపతిదేవుడు మందడం ఊరినీ, రుద్రమదేవి వెలగపూడినీ విశ్వేశ్వర శివాచార్యులనే శైవగురువుకు ఇచ్చారు. వెలగపూడి అంటే ఇప్పుడు మన సచివాలయం ఉన్న ఊరే. ఆ ఊళ్ల రాబడిలో గుడికింత, మఠానికింత, విద్యార్థులకింత, ఆరోగ్యశాలకింత, ప్రసూతిశాలకింత, అన్నసత్రానికింత అని పంచారు. మూడు వేదాలు చెప్పడానికి ముగ్గురు. వ్యాకరణం, మీమాంస, తర్కం, సాహిత్యం, ఆగమం చెప్పడానికి ఐదుగురు. ఒక వైద్యుడు, లెక్కలు రాయడానికి ఒక కాయస్థుడు. అన్నీ రాతి మీద చెక్కించారు. ఒకరి పేరు ఒకరు వినకుండానే ఇక్కడివాళ్లకూ అక్కడివాళ్లకూ ఒకటే తోచింది. చదువు నిలవాలంటే ముందు కొంత నేల విడదీసి, ఆ నేల గింజలతో చదువుకునేవాడి కడుపు నింపాలి. గురువు ఆ తర్వాత, గ్రంథం ఇంకా తర్వాత.

ఆ శాసనంలోనే ఇంకో మాట ఉంది. అన్నసత్రంలో చండాలుర వరకు ఎవరొచ్చినా అన్నం పెట్టాలని. వేదపాఠం మాత్రం అందరిదీ కాదు. అన్నం అందరికీ, చదువు కొందరికే. ఏడు వందల ఏళ్లు ఆ గీత చెరగలేదు. ఆ శాసనాన్ని గొప్పగా చెప్పుకుంటూనే ఈ ముక్క కూడా నీ మనవరాలికి చెప్పాలి, దాచొద్దు.

మన సీమ సంగతికి వస్తాను. 1800లో మన జిల్లాలు ఈస్టిండియా కుంఫిణీ చేతికి వచ్చాయి, దత్తమండలాలు అయ్యాయి. థామస్ మన్రో మొదట ఇక్కడ కలెక్టరు, తర్వాత మద్రాసు గవర్నరు. గవర్నరుగా ఉన్నప్పుడు 1822లో ప్రతి జిల్లాలో ఎన్ని బడులున్నాయో, ఎందరు పిల్లలున్నారో లెక్క పంపమన్నాడు. అప్పుడు మన తాడిమర్రి బళ్లారి జిల్లా కిందే. అనంతపురం జిల్లా పుట్టింది 1882లో. బళ్లారి కలెక్టరు క్యాంప్‌బెల్ 1823లో పంపిన లెక్క: బడులు 533, పిల్లలు 6,641. ఆ బడుల్లో మన ఊరి వీధిబడి కూడా ఉందేమో అని నాకు ఆశ. మన ఊరి పేరులోనే తాటీ మర్రీ వినిపిస్తాయి గదా. పేరుకు అసలు కారణం ఏదైనా కానీ, రాసుకునే ఆకు ఒకటి, కింద కూర్చునే నీడ ఒకటి.

అదే విచారణలో కడప నుంచి వెళ్లిన జవాబు నన్ను ఇంకా కదిలించింది. పై చదువు చెప్పే కాలేజీలంటూ ఇక్కడ లేవు, పదేళ్లు దాటిన బ్రాహ్మణ పిల్లలు ఇల్లు విడిచి ఎంతో దూరాన ఉన్న పండితుడి ఊరికి పోయి ఏళ్ల తరబడి చదువుకుంటారు, ఆ ఊరివాళ్లే వాళ్లకు రోజూ అన్నం పెడతారు అని దాని సారాంశం. ఇది వేరే ఏం కాదు బావా, మన పెద్దవాళ్లు చెప్పే వారాల చదువు. సోమవారం ఒక ఇంట్లో, మంగళవారం ఇంకో ఇంట్లో, వారానికి ఏడిళ్లు. ఆ ఏడిళ్ల గడపలే ఆ పిల్లాడి కాలేజీ. గోడలు లేవు, గంట లేదు, రిజిస్టరు లేదు. ఏడు పొయ్యిలు మాత్రం ఉన్నాయి. ఒక్క కులం పిల్లలకే ఆ గడపలు తెరుచుకున్నాయన్నది పక్కన పెట్టలేం. మిగతా పిల్లలకు ఆ ఏడు పొయ్యిలు దొరకడానికి ఇంకో నూరేళ్లు పైనే పట్టింది. హాస్టళ్లు వచ్చేదాకా.

తెల్లవాళ్లు మొదట పెట్టిన కాలేజీలు మన కోసం కాదు, వాళ్ల అవసరం కోసం. 1812లో మద్రాసులో సెంట్ జార్జి కోట కాలేజీ పెట్టారు. అందులో విద్యార్థులు కుంఫిణీ కొలువుకు కొత్తగా వచ్చిన తెల్ల కుర్రవాళ్లు, పాఠం తెలుగు, తమిళం లాంటి మన భాషలు. మనవాళ్లు అందులో గురువులు. సి.పి. బ్రౌన్ తెలుగు నేర్చింది అక్కడే. 1820లో కడపకు వచ్చి, బంగళా కొని, సొంత డబ్బుతో పండితులను కూర్చోబెట్టి తాళపత్రాలు ఎత్తి రాయించాడు. ఆ బంగళాను బ్రౌన్ కాలేజీ అనేవారట. అక్కడ పరీక్షలు లేవు, పట్టాలు లేవు. జీతం ఇచ్చి, తిండికి లోటు లేకుండా పండితులను ఒకచోట కూర్చోబెట్టడమే దాని పని. వేమన ఈరోజు మన చేతికి అందాడంటే ఆ కాలేజీ పుణ్యం చాలా ఉంది. నా లెక్కలో రాయలసీమ మొదటి కాలేజీ అదే. ఎవరేమన్నా సరే.

నీ ఇంజనీరింగ్ కాలేజీ పుట్టుక కూడా ఇలాంటిదే. 1794లో మద్రాసులో సర్వే బడి పెట్టారు. నేలను గొలుసుతో కొలవడానికి కుర్రవాళ్లు కావాలి వాళ్లకు. ఆ బడే పెరిగి గిండీ ఇంజనీరింగ్ కాలేజీ అయింది. 1946లో ఆ గిండీ ఆవరణలోనే ఇంకో ఇంజనీరింగ్ కాలేజీ మొదలుపెట్టారు. 1948లో దాన్ని అనంతపురానికి తరలించి, సైన్యం ఖాళీ చేసిన కట్టడాల్లో పెట్టారు. 1972లో జేఎన్‌టీయూ పెట్టి కాకినాడ, హైదరాబాదు కాలేజీలతో పాటు దాన్నీ కలిపారు. నువ్వు చేరింది ఆ తర్వాత నాలుగేళ్లకు. 2018లో మన జిల్లాకు సెంట్రల్ యూనివర్సిటీ వస్తే అది కూడా మొదట జేఎన్‌టీయూ ఆవరణలోనే తరగతులు పెట్టుకుంది. గిండీ నీడలో పుట్టిన కాలేజీ ఇంకో యూనివర్సిటీకి తన నీడ ఇచ్చింది. ఇది చదివిన రోజు నీకు ఫోన్ చేయాలనిపించింది.

నా కాలేజీ నీదానికంటే వయసులో పెద్దది, ఆ మాట నీతో మళ్లీ ఒప్పిస్తాను. 1916లో దత్తమండలాల కాలేజీగా మొదలైంది మా ఆర్ట్స్ కాలేజీ. సర్వేపల్లి రాధాకృష్ణన్ ఆ తొలిరోజుల్లో కొంతకాలం అక్కడ పాఠం చెప్పారు. నీలం సంజీవరెడ్డి అక్కడ చదివారు. ఒకే కాలేజీ నుంచి ఒక రాష్ట్రపతి గురువుగా, ఇంకో రాష్ట్రపతి విద్యార్థిగా. ఊరు చిన్నదైనా ఆ ముక్క చిన్నది కాదు. దానికి ఏడాది ముందే, 1915లో, మదనపల్లెలో అనిబిసెంట్ దివ్యజ్ఞాన కాలేజీ పెట్టింది. 1919లో ఠాగూరు అక్కడికి వచ్చి జనగణమనను ఇంగ్లీషులోకి మార్చింది ఆ ఆవరణలోనే. బందరులో 1910లో పెట్టిన జాతీయ కళాశాల ఇంకో దారి. కొలువు కోసం కాకుండా దేశం కోసం చదవాలని కోపల్లె హనుమంతరావు, ముట్నూరి కృష్ణారావు, పట్టాభి సీతారామయ్య కలిసి పెట్టారు. బొమ్మలు వేయడం, నేత, వడ్రంగం అన్నీ చదువే అక్కడ. సర్కారు కాలేజీ, మిషనరీ కాలేజీ, జమీందారు కాలేజీ, జాతీయ కాలేజీ, ప్రతిదాని వెనకా ఖర్చు పెట్టుకునే చేయి ఒకటుంది. ఆ చేయి ఎవరిదో తెలిస్తే ఆ కాలేజీ ఎందుకు పుట్టిందో తెలిసిపోతుంది.

యూనివర్సిటీ కోసం మనవాళ్లు ఎంత ఎదురుచూశారో కూడా చెప్పు. 1937 నవంబరులో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు గారింట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నారు. అనంతపురంలో యూనివర్సిటీ కేంద్రం పెట్టాలన్నది అందులో ఒక మాట. 1954లో తిరుపతికి యూనివర్సిటీ వచ్చింది. అనంతపురానికి 1968లో దాని పీజీ సెంటరు వచ్చింది. శ్రీకృష్ణదేవరాయల పేరుతో సొంత యూనివర్సిటీ అయ్యేసరికి 1981. రాసుకున్న మాటకూ తలుపులు తెరిచిన రోజుకూ నలభై నాలుగేళ్లు.

మనిద్దరి కాలేజీ మాత్రం వీటిలో ఏదీ కాదు బావా. ధర్మవరంలో ఆ మగ్గం ఇంటి వెనక గది. గుర్తుందా? ఇంటర్ రెండేళ్లు, 1974 నుంచి 76 దాకా. ముందు గదిలో గుంత మగ్గం. ఇంటాయన కాళ్లు గుంతలో పెట్టుకుని తెల్లవారుజామునే నేత మొదలుపెట్టేవాడు. నాడె అటూ ఇటూ పరుగెత్తే చప్పుడుకు మనం లేచేవాళ్లం. పెళ్లి చీర మగ్గం మీదుంటే ఆ ఇంట్లో గట్టిగా మాట కూడా లేదు. చీర దిగిన రోజు మనకూ ఓళిగలు.

పగటి తిండి మాత్రం ఊరి నుంచే. మీ అమ్మ పొద్దున్నే సంగటి కెలికి, క్యారియర్ సర్ది, బస్సు కండక్టరు చేతికిచ్చేది. అడుగు గిన్నెలో తడిగుడ్డ చుట్టిన సంగటి ముద్దలు రెండు, నీకొకటి నాకొకటి. పై గిన్నెలో శెనక్కాయల ఊరుబిండి. ఆ పైన ఏదో ఒక ఆకు పప్పు. మూత మీద మేకుతో గీసిన నీ ఇంటిపేరు మొదటి అక్షరం, అది కొంచెం వంకర. నేను బస్టాండుకు పరుగెత్తేవాడిని, నువ్వు ప్రాక్టికల్స్‌లో ఉంటే. ఆ గుడ్డ విప్పితే సంగటి ఇంకా మెత్తగా ఉండేది. ఆ రెండేళ్లలో ఎందరో కండక్టర్లు మారారు. ఒక్కడైనా క్యారియర్‌కు టికెట్ కొట్టాడా? సాయంత్రం ఖాళీ క్యారియర్ తిరుగు బస్సులో ఊరికి చేరేది. మీ అమ్మ, మగ్గం ఇంటామె, పేరు కూడా అడగని ఆ కండక్టర్లు, వీళ్లే మన వారాల ఇళ్లు. నువ్వు లెక్కల్లో మొదట ఉన్నావంటే ఆ క్యారియర్ తప్పకుండా వచ్చింది కాబట్టి.

నీ మనవరాలు చేరేది ఎలాంటి కాలేజీయో కూడా దానికి తెలియాలి. 1862లో లింకన్ ఒక చట్టం మీద సంతకం పెట్టాడు. మారిల్ చట్టం అంటారు. ఒక్కో కాంగ్రెసు సభ్యుడికి 30,000 ఎకరాల లెక్కన రాష్ట్రాలకు భూమి ఇచ్చి, దాన్ని అమ్మిన డబ్బుతో సేద్యం, యంత్రవిద్య చెప్పే కాలేజీలు పెట్టమన్నారు. రైతు పిల్లలకూ కూలి పిల్లలకూ కాలేజీ తలుపు తెరిచింది ఆ చట్టమే. కాన్సాస్ స్టేట్ 1863లో అలా వచ్చిందే. మన మాన్యం లాంటిదే అనుకో. కానీ ఆ నేల చాలావరకు అక్కడి ఆదివాసుల చేతుల్లోంచి పోయిన నేల. మల్కాపురం గీతలాగే ఇదీ దాచకూడని ముక్క.

ఇప్పుడు విను. 1964లో మన రాష్ట్రంలో వ్యవసాయ యూనివర్సిటీ పెట్టినప్పుడు ఆ కాన్సాస్ స్టేట్ వాళ్లే వచ్చి సాయపడ్డారు. పాఠం, పరిశోధన, రైతు దగ్గరకు పోవడం మూడూ ఒకే చోట ఉండాలన్న పద్ధతి అలా మన దగ్గరకు చేరింది. ఇప్పుడది ఎన్.జి. రంగా పేరుతో ఉంది. కదిరిలో ఉన్న శెనక్కాయ పరిశోధన కేంద్రం దానిదే. పైన చెప్పిన విత్తనం మూటలు ఉన్నాయే, అందులో ఉన్నది కదిరి-6. నీ మనవరాలి కాలేజీకీ నా చేనుకూ అంత దగ్గర చుట్టరికం. దానికి ఈ సంగతి తప్పకుండా చెప్పు.

మన ఊరి పిల్లల సంగతి రాయకుండా ముగించలేను. మన కాలంలో మంచి పనులు జరగకపోలేదు. 1972లోనే హిందూపురం దగ్గర కొడిగెనహళ్లిలో గురుకుల పాఠశాల వచ్చింది. పల్లెటూరి పిల్లలకు చదువూ తిండీ పడకా ఒకే చోట, డబ్బు లేకుండా. అదే ఏడాది కర్నూలులో సిల్వర్ జూబ్లీ కాలేజీ డిగ్రీకి అదే పని చేసింది. సత్యసాయి సంస్థ 1968లో అనంతపురంలో ఆడపిల్లలకు కాలేజీ పెట్టింది, ఫీజు లేకుండా. సర్కారు ఎస్సీ, బీసీ హాస్టళ్లు లేకపోతే నేను పాఠం చెప్పిన క్లాసులో సగం మంది పిల్లలు పదో తరగతి దాటేవాళ్లు కాదు. అన్నం అందరికీ, చదువూ అందరికీ అన్న రోజు మన కళ్ల ముందే కొంత వచ్చింది.

ఆ తర్వాత కాలేజీ అంగడికి వచ్చింది. సీటుకు ముందే డబ్బు గుంజడం ఎక్కువై, 1983లో క్యాపిటేషన్ ఫీజు వద్దని మన రాష్ట్రం చట్టం చేసింది. ఉన్నికృష్ణన్ అనే ఆయన మన రాష్ట్రం మీద వేసిన కేసులో 1993లో సుప్రీంకోర్టు ఫ్రీ సీటు, పేమెంటు సీటు అని విడదీసింది. 2002లో టీఎంఏ పాయ్ కేసుతో అదీ పోయింది. కన్వీనర్ కోటా, మేనేజ్‌మెంట్ కోటా మిగిలాయి. 2008 ప్రాంతంలో ఫీజు రీయింబర్స్‌మెంట్ వచ్చి వేలమంది పేదపిల్లలను ఇంజనీరింగ్ గడప ఎక్కించింది. అది నిజంగా మేలే. కానీ ఫీజు కట్టేవాళ్లున్నా, గదికీ మెస్సుకీ పెట్టేవాళ్లు ఎవరన్నదే ఇప్పుడు ప్రశ్న.

నా దగ్గర చదివిన ఒక పిల్ల ఉంది. పేరు రాయను. పదిలో మండలానికే మంచి మార్కులు. వాళ్ల నాయన రెండు బర్రెలు అమ్మి, ఊళ్లో అప్పు చేసి, పట్నంలో ఒక పెద్ద ప్రైవేటు జూనియర్ కాలేజీలో వేశాడు. ఒకే కట్టడంలో పైన పడక, కింద క్లాసు. తెల్లవారి లేస్తే రాత్రి దాకా పరీక్షలే. దసరాకు ఇంటికొచ్చిన పిల్ల మళ్లీ పోనంది. తల దువ్వితే వెంట్రుకలు గుత్తులుగా ఊడుతున్నాయని వాళ్లమ్మ ఏడ్చింది. నేను పోయి మాట్లాడి ధర్మవరం సర్కారు కాలేజీలో చేర్పించాను. రోజూ బస్సులో పోయి వచ్చి ఇంటర్ పాసైంది. ఇప్పుడు అనంతపురంలో డిగ్రీ సీటు వచ్చింది. ఆ పిల్లతో పాటు మన ఊరివాళ్లే ఇంకో ముగ్గురు ఆడపిల్లలు. హాస్టల్లో చోటు లేదన్నారు. రోజూ పోయి రావడానికి కుదరదు.

నేను మొన్న అనంతపురం పోయి ఆర్ట్స్ కాలేజీకి నడిచి పోయేంత దూరంలో ఒక ఇల్లు చూసి వచ్చాను. రెండు గదులు, వంటిల్లు, లోపలే నీళ్లు. ఇంటామె ముందు భాగంలోనే ఉంటుంది, మంచి మనిషి. అద్దె నెలకు ఆరు వేలు. బియ్యం, రాగిపిండి, శెనక్కాయలు మూడేళ్లకూ నేను పంపుతాను. పడమటి చేను రాబడి దానికే విడదీసి పెట్టాను, మా పిల్లలకు కూడా చెప్పేశాను, ఒప్పుకున్నారు. అద్దె నా పింఛనుకు భారమవుతుంది. ఆ మూడేళ్ల అద్దె నువ్వు పెట్టుకో, బావా. మీ అమ్మ పంపిన క్యారియర్ ఇంకా మీ పాత ఇంటి అటక మీద ఉంది. మూత మీద ఆ వంకర అక్షరం అలాగే ఉంది. ఆ పిల్లలకు ఇస్తానని తీసి తోమించి పెట్టాను.

ఇంటామెకు ఒకటో తేదీ లోపల అడ్వాన్సు ఇవ్వాలి. ఈ ఉత్తరం అందగానే ఒక్క మాట రాయి, లేదా ఫోన్ చెయ్యి. నాకు పగలైనా రాత్రైనా పర్వాలేదు.

ఇట్లు,
నీ బావ.